చోటు చాలని విమానాశ్రయము

చైనా దేశపు దక్షిణ తీరమున హాంగ్‌కాంగ్ నగరము కలదు. కొండలు, సముద్రము, వాని నడుమ ఇరుకైన చదునునేల, ఇదియే ఆ నగర స్వరూపము. ఇండ్లకే చోటు చాలని యట్టి తావున విమానాశ్రయము నెచ్చట కట్టవలెను?

1910 తరువాతి సంవత్సరములలో హో కై, ఔ టాక్ అను ఇరువురు పెద్దమనుష్యులు కౌలూన్ తీరమున సముద్రమును పూడ్చి, ఆ నేలపై ఇండ్లు కట్టి అమ్మదలచిరి. కొన్ని యిండ్లు లేచినవి గాని వ్యాపారము సాగలేదు. తుదకు ఆ నేల ప్రభుత్వము వశమై, విమానములు దిగు మైదానమయ్యెను. ఆ యిరువురి పేర్లును కలిసి దానికి కైటాక్ అను పేరు నిలిచినది.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున నగరము నాక్రమించిన జపానువారు యుద్ధఖైదీలచే పనిచేయించి విమానాశ్రయమును పెంచిరి. చెంతనున్న ప్రాతకోట గోడలను పడగొట్టి ఆ రాళ్లను వాడుకొనిరి. 1958లో అఖాతములోనికి చొచ్చుకొనిపోవు క్రొత్త రన్‌వే సిద్ధమయ్యెను. విమానము పరుగెత్తి పైకి లేచుటకును, దిగి వేగము తగ్గించుకొనుటకును వేసిన గట్టిబాటయే రన్‌వే. దాని పొడవు మొదట 2,529 మీటరులు. పెద్ద జెట్ విమానములు వచ్చుటతో 1970 దశాబ్దిలో దానిని 3,390 మీటరులకు పెంచిరి.

రన్‌వేకు మూడు వైపుల నీరు. నాల్గవ వైపున నగరము, దానివెనుక కొండలు. పడమటి వైపునుండి దిగవలసిన విమానము నేరుగా రన్‌వేపైకి రాజాలదు. ఒక కొండచరియపై ఎఱుపు తెలుపు గళ్లు పెద్దవిగా వేసియుంచిరి. విమానచోదకుడు ఆ గళ్లవైపు సాగివచ్చి, అవి స్పష్టముగా కనబడగనే కుడివైపునకు తిరిగి, మేడల కప్పులకు కొంచెము పైగా దిగుచు రన్‌వేను చేరవలెను. మేడపై బట్టలారవేయు వారికి విమానపు చక్రములు తలమీదుగా పోవుచున్నట్లే తోచెడిది. 1993 నవంబరు 4వ తేదీన గాలివానలో దిగిన ఒక పెద్ద విమానము రన్‌వే చివర నాగలేక సముద్రములో పడెను. అందున్న 396 మందియు బ్రదికి బయటపడిరి.

ప్రమాదభయ మొక్కటియే చిక్కు కాదు. హాంగ్‌కాంగ్ ఒక ఆకాశపు కూడలి. ఒక దేశమునుండి వచ్చినవారు అచ్చట విమానము మారి మరియొక దేశమునకు పోవుదురు. అట్లు మారుటకు వీలుగా విమానములు గుంపులుగా వచ్చి గుంపులుగా పోవలెను. కైటాక్‌నందున్నదో, ఒక్కటే రన్‌వే. దానిని పొడిగించినచో పెద్ద విమానములు దిగగలవు. కాని గంటకు దిగు విమానముల సంఖ్య అంతగా పెరుగదు. ఒక్క బండి పట్టు ఇరుకు వంతెనను ఎంత పొడిగించినను రెండు బండ్లు ప్రక్కప్రక్కన పోజాలవు గదా! దీనికి తోడు, పెద్ద విమానము రెక్కల వెనుక బలమైన గాలిసుడులు పుట్టును. వెనుకనే వచ్చు చిన్న విమానము వానిలో చిక్కినచో అదుపు తప్పును. కావున రెండు విమానముల నడుమ కొన్ని కిలోమీటరుల యెడము విధిగా ఉంచవలెను. పైగా నగరవాసుల నిద్ర చెడకుండుటకై రాత్రివేళ కైటాక్‌ను మూసివేయుచుండిరి. ఇన్ని కట్టుబాట్ల నడుమనే 1996లో ఇంచుమించు 3 కోట్ల మంది ప్రయాణికులు ఆ యొక్క రన్‌వేపై వచ్చిపోయిరి. రెండవ రన్‌వే వేయుటకు మాత్రము అచ్చట నేల లేదు.

హైదరాబాదు నగరమునకును ఇట్టి యిరుకే కలిగినపుడు, 2008లో విమానాశ్రయము బేగంపేటను వీడి శంషాబాదునకు తరలెను. అచ్చట ఊరి వెలుపల నేల దొరకినది. హాంగ్‌కాంగ్ వారికి ఊరి వెలుపల నున్నది సముద్రమే.

1989లో ప్రభుత్వము తన నిర్ణయమును ప్రకటించెను. లాంటావ్ ద్వీపమున కుత్తరమున చెక్ లాప్ కోక్ అను చిన్న ద్వీపము కలదు. దాని వైశాల్యము 302 హెక్టారులు. అందలి కొండలను పగులగొట్టి, ఆ రాతితో చుట్టునున్న సముద్రమును పూడ్చి, 1,248 హెక్టారుల చదునునేలను చేయవలెనని సంకల్పము. అనగా మూడు వేల ఎకరములకు పైమాట. 1997లో నగరము బ్రిటను చేతినుండి చైనాకు మారవలసియుండుటచే ఖర్చును గూర్చి రెండు ప్రభుత్వముల నడుమ చాలకాలము వాదములు జరిగినవి. 1991లో ఒప్పందము కుదిరినది. సముద్రగర్భమునందలి మెత్తని బురదను తోడి తీసి, రాతిని ఇసుకను నింపిరి. ద్వీపమును నగరముతో కలుపుటకు రోడ్లు, రైలుమార్గము, నడిమి భాగమే 1,377 మీటరుల పొడవుగల చింగ్ మా వ్రేలాడు వంతెన కట్టబడెను.

ఆ ద్వీపము నిర్జనము కాదు. అచ్చటి పల్లెవాసులను ఎదుటి తీరమునకు తరలించిరి. వారు కొలుచు సముద్రదేవత టిన్ హౌ యొక్క రాతిగుడిని విప్పి, వారి క్రొత్త యూరిలో తిరిగి కట్టిరి. అచ్చట మరియొక జీవియు కలదు. అది రోమర్ చెట్టుకప్ప. బొటనవ్రేలి గోరంత ప్రాణి. హాంగ్‌కాంగ్‌నందు తప్ప ప్రపంచమున మరెక్కడను అది లేదు. కొండను పగులగొట్టుటకు ముందు శాస్త్రజ్ఞులు రాత్రులు దీపములతో వెదకి దాదాపు 200 కప్పలను పట్టి, వానిని పెంచి, వాని సంతతిని ఇతర స్థలములందు విడిచిరి. లక్షల టన్నుల రాతిని పేల్చు పనివారి నడుమ గోరంత కప్పకొరకు వెదకుట వింతయే యైనను, ఆ కప్పలు క్రొత్త తావులందు నిలద్రొక్కుకొన్నవి.

1998 జూలై 5వ తేదీ రాత్రి కైటాక్‌నుండి తుది విమానము లండనునకు బయలుదేరెను. అర్ధరాత్రి దాటిన పిమ్మట రన్‌వే దీపము లార్పిరి. ఆ రాత్రియే వందలకొలది వాహనములు వరుసలుగా కదలెను. మెట్లబండ్లు, సామానుబండ్లు, యంత్రములు సమస్తమును సుమారు 30 కిలోమీటరుల దూరము తరలిపోయినవి. తెల్లవారగనే క్రొత్త విమానాశ్రయము తెరువబడెను.

అయితే తొలినాడే అపశ్రుతి కలిగెను. విమానముల వేళలు చూపు తెరలు తప్పుచూపెను. సరకుల శాలలో కంప్యూటరు వ్యవస్థ నిలిచిపోవుటచే పెట్టెలెక్కడ నున్నవో తెలియక, చేపలు, పండ్లు క్రుళ్లిపోయినవి. సరకుల పని కొంతకాలము మరల కైటాక్‌నందే చేయవలసివచ్చెను. సిబ్బందికి తగిన శిక్షణ, యంత్రములకు చాలినంత పరీక్ష లేకుండ తెరచుటయే తప్పని చెప్పక తప్పదు. దీనిపై పలు విచారణలు జరిగినవి.

1999లో రెండవ రన్‌వే వచ్చెను. రాకపోకలు రేయింబవళ్లు సాగెను. 2018లో ఏడున్నర కోట్లకు చేరువగా ప్రయాణికులు వచ్చిపోయిరి. రెండు రన్‌వేలపై గంటకు 68 విమానములు, అనగా నిమిషమునకొకటికి మించి! మరల చోటు చాలలేదు. 2016లోనే మూడవ రన్‌వేకై 650 హెక్టారుల సముద్రమును పూడ్చుట మొదలిడిరి. ఈసారి అడుగున కొంతభాగమునందు పూర్వము పాతిపెట్టిన విషపు బురద యుండుటచే దానిని కదలింపరాదు. అందుచేత సిమెంటును లోతుగా దించి, బురదతో కలిపి, అచ్చటనే గట్టిపరచిరి.

ఆ నీటిలో గులాబివన్నె డాల్ఫినులు కలవు. కప్పను పట్టి వేరొకచోట విడువవచ్చును. డాల్ఫినుకు సముద్రము తప్ప వేరు తావు లేదు. లాంటావ్ పరిసరములందు 2003లో సుమారు 188గా లెక్కింపబడిన యవి 2018 నాటికి 32కు తగ్గెను. పూడికయే కాక, వేగముగా పోవు పడవలు, ఇతర నిర్మాణములు నందుకు కారణములు. పడవల వేగమును తగ్గించిరి. 2024లో సుమారు 2,400 హెక్టారుల నీటిని రక్షిత ప్రాంతముగా ప్రకటించిరి. పూడ్చిన పిమ్మట చేయు రక్షణ వలన ప్రయోజనమేమని కొందరు ప్రశ్నించిరి.

ఇంతలో కోవిడ్ వ్యాధి వ్యాపించి, 2021లో ప్రయాణికులు 15 లక్షలైనను లేకపోయిరి. పని మాత్రము ఆగలేదు. 2022లో క్రొత్త రన్‌వేపై విమానములు దిగెను. 2024 నవంబరు నాటికి మూడు రన్‌వేలును పనికి వచ్చినవి; ఆ యేట ప్రయాణికుల సంఖ్య తిరిగి 5 కోట్లు దాటెను.

కైటాక్‌నందు నేడు విమానముల చప్పుడు లేదు. ప్రాత రన్‌వే కొనయందు 2013 నుండి యాత్రికుల ఓడలు నిలుచుచున్నవి. 2025లో అచ్చట గొప్ప క్రీడాస్థలము తెరువబడెను. తక్కిన నేలపై ఎత్తయిన మేడలు లేచి, కుటుంబములు కాపురముండుచున్నవి. నూరేండ్ల క్రిందట హో కై, ఔ టాక్‌లు ఆ తీరమును పూడ్పించినది ఇండ్ల కొరకే.