సెకండ్‌హ్యాండ్ ఎస్‌యూవీ కొంటున్నారా? మీ అవసరాన్ని రాతలో పెట్టించండి

న్యాయ సలహా

ప్రశ్న: మేం ఐర్లండ్‌లో కిల్డేర్ కౌంటీ నేస్‌లో ఉంటున్నాం. నేను నర్సును, నా డ్యూటీ ఊళ్లోనే. మావారి ఉద్యోగం డబ్లిన్‌లో. పొద్దున్నే సాలిన్స్ స్టేషన్ దాకా కారులో వెళ్లి అక్కణ్నుంచి రైల్లో డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్‌కు వెళ్తారు. పిల్లలిద్దరూ ప్రైమరీ స్కూల్లో ఉన్నారు. వేసవిలో అత్తయ్యగారు, మావయ్యగారు గుంటూరు నుంచి వచ్చి మూడు నెలలు ఉంటారు. అందుకని ఏడు సీట్ల ఎస్‌యూవీ కొందామనుకుంటున్నాం. ఒక డీలర్ దగ్గర 2018 నాటి డీజిల్ బండి నచ్చింది. ‘మీ ఫ్యామిలీకి ఇది సరిగ్గా సరిపోతుంది’ అన్నాడాయన. కానీ బిల్లు మీద ‘ట్రేడ్ సేల్, వారంటీ లేదు’ అని రాస్తానంటున్నాడు. అలాంటి బండినే, ఇండియా వెళ్లిపోతున్న మన తెలుగాయన ఒకరు వాట్సాప్ గ్రూపులో రెండు వేల యూరోలు తక్కువకు ఇస్తానంటున్నారు. ఏది కొంటే మంచిది? రేపు బండిలో తేడా వస్తే మాకుండే హక్కులేమిటి?
– ఒక పాఠకురాలు, నేస్

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట ‘మీ ఫ్యామిలీకి ఇది సరిగ్గా సరిపోతుంది’ అన్నదే. డీలర్ ఆ మాటను నోటితో అని వదిలేస్తే తర్వాత దాన్ని నిరూపించడం కష్టం. రాతలో ఒప్పుకుంటే మీ చేతిలో ఆధారం ఉంటుంది. కాబట్టి ముందు మీ అవసరమేమిటో మీరు తేల్చుకోండి. తర్వాత దాన్ని రాతలో పెట్టించండి. ఈ రెండూ అయ్యాకే డబ్బు సంగతి.

మీ ప్రయాణాలు ఎలాంటివి?

నేస్ నుంచి డబ్లిన్‌కు 30 పైచిలుకు కిలోమీటర్లు. రోజూ ఎన్7 రోడ్డు మీద కారులోనే వెళ్లొచ్చేవారికి డీజిల్ బండి బాగానే ఉంటుంది. మీ ఇంట్లో కథ వేరు. స్టేషన్ దాకా, స్కూలు దాకా, ఆసుపత్రి దాకా, అన్నీ నాలుగైదు కిలోమీటర్ల ముక్కలే. ఈ కాలపు డీజిల్ బండ్లకు పొగగొట్టం వ్యవస్థలో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి వేగంగా, ఆగకుండా కొంతసేపు నడిచి, వడపోత బాగా వేడెక్కాలి. ఇంజను వేడెక్కేలోపే ఆపేసే ప్రయాణాలే రోజూ చేస్తుంటే ఆ వడపోత పూడుకుపోతుంది. మార్చాల్సి వస్తే ఖర్చు తక్కువేమీ కాదు. మీ వాడకానికి పెట్రోలు బండి గానీ పెట్రోలు హైబ్రిడ్ గానీ నయం.

ఇక సీట్లు. టూసాన్, స్పోర్టేజ్, కష్కాయ్ ఐదు సీట్ల బండ్లు. పెద్దవాళ్లు వస్తే మీరు ఆరుగురు. కోడియాక్, ప్యూజో 5008, సాంటా ఫే, సొరెంటో లాంటివి ఏడు సీట్లతో దొరుకుతాయి. అయితే కోడియాక్ ఐదు సీట్లతోనూ వచ్చింది. పేరు చూసి సరిపెట్టుకోకుండా మూడో వరసను పైకెత్తి చూడండి. ఆ వరసలోకి మావయ్యగారు మోకాళ్లు వంచి ఎక్కలేరు, పిల్లలే వెళ్లాలి. ఐర్లండ్‌లో 150 సెంటీమీటర్ల ఎత్తుకు, 36 కిలోల బరువుకు చేరని పిల్లలు కారులో తగిన చైల్డ్ సీటులోనో బూస్టర్ మీదనో కూర్చోవాలన్నది చట్టం. కాబట్టి మీ పిల్లల సీట్లు వెంట తీసుకెళ్లి, డీలర్ ముందే మూడో వరసలో బిగించి చూడండి. ఏడు సీట్లూ లేపితే డిక్కీలో చోటు ఎంత మిగులుతుందో కూడా అప్పుడే తెలుస్తుంది. డబ్లిన్ ఎయిర్‌పోర్టులో అత్తగారి ఆవకాయ పెట్టెలు దిగాక తెలిస్తే లాభం లేదు.

చెప్పిన అవసరానికి చట్టం ఇచ్చే విలువ

ఐర్లండ్‌లో వినియోగదారుల హక్కుల చట్టం 2022 ఆ ఏడాది నవంబరు 29 నుంచి అమల్లోకి వచ్చింది. వ్యాపారి దగ్గర మీ సొంత వాడకానికి కొన్న పాత కారుకూ ఇది వర్తిస్తుంది. వస్తువు ఒప్పందానికి తగ్గట్టు ఉండాలన్నది దీని మూలసూత్రం. అందులో మూడు సంగతులు మీకు పనికొస్తాయి.

ఒకటి, కారు వర్ణనకు సరిపోవాలి. ప్రకటనలో ‘ఏడు సీట్లు, ఒకే యజమాని, పూర్తి సర్వీసు చరిత్ర’ అని ఉంటే అవన్నీ నిజం కావాలి. రెండు, అలాంటి కారు నుంచి మామూలుగా ఆశించే నాణ్యత, మన్నిక ఉండాలి. ఇక్కడ వయసు, తిరిగిన కిలోమీటర్లు, ధర లెక్కలోకి వస్తాయి. ఏళ్లుగా తిరిగిన బండికి బ్రేక్ ప్యాడ్లు అరగడం లోపం కాదు. కొన్న నెలకే గేర్‌బాక్స్ కూలబడితే మాత్రం అడగొచ్చు. మూడు, కొనేముందు మీరు ఒక ప్రత్యేక అవసరం చెప్పి, వ్యాపారి దానికి ఒప్పుకుంటే, కారు ఆ అవసరానికి పనికిరావాలి.

ఈ మూడోది చాలామంది వాడుకోరు. వాడుకోవడానికి మీరు చేయాల్సిందల్లా డబ్బు కట్టకముందు డీలర్‌కు ఒక ఈమెయిల్ పంపడం. ఇంగ్లిష్‌లో రాయండి, సారాంశం ఇలా ఉండాలి: ‘ఈరోజు మీ దగ్గర చూసిన ఫలానా నంబరు కారు గురించి. మా ప్రయాణాల్లో ఎక్కువ భాగం ఐదు కిలోమీటర్ల లోపువి. ఆరుగురం కూర్చోవాలి. మూడో వరసలో రెండు చైల్డ్ సీట్లు పెట్టాలి. ఈ వాడకానికి కారు సరిపోతుందని మీరు చెప్పారు. దాన్ని ధ్రువీకరించండి.’ డీలర్ ‘అవును’ అని జవాబిస్తే చాలు. డీజిల్ బండి విషయంలో ఆయన ఆ ‘అవును’ అనడానికి వెనకాడితే, మీరు అడగాల్సిన ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

బిల్లు మీద ఆ మాట

‘ట్రేడ్ సేల్’, ‘సోల్డ్ యాజ్ సీన్’ అనే మాటలు వ్యాపారులు వ్యాపారులకు అమ్ముకునేటప్పటివి. వాటిని వినియోగదారు బిల్లు మీద రాసినంత మాత్రాన చట్టం ఇచ్చిన హక్కులు పోవు. అయితే ఒక మెలిక ఉంది. ‘ఫలానా లోపం ఉంది, తెలిసే కొంటున్నాను’ అని ఒక ప్రత్యేక లోపాన్ని చూపి, మీచేత విడిగా ఒప్పించుకుంటే, తర్వాత ఆ లోపం మీద ఫిర్యాదు నిలవదు. అందుకని బిల్లు కాకుండా మరే కాగితం ముందు పెట్టినా ప్రతి పంక్తీ చదివాకే సంతకం పెట్టండి. ‘ట్రేడ్ సేల్’ మాట కొట్టేసి కొత్త బిల్లు ఇమ్మనండి. చట్టం మీవైపే ఉన్నా, రేపు వాదన పెంచే మాటను ఇవాళ బిల్లు మీద ఉంచుకోవడం దేనికి?

వారంటీ అనేది చట్టం ఇచ్చే హక్కు కాదు, ఆ హక్కుల మీద అదనం. ‘మా మూడు నెలల వారంటీ అయిపోయింది’ అన్నది చట్టపరమైన ఫిర్యాదుకు జవాబు కాదు.

తేడా వస్తే

కారు చేతికొచ్చిన తేదీ రాసి పెట్టుకోండి. అక్కణ్నుంచి 30 రోజుల్లోపు కారు ఒప్పందానికి తగ్గట్టు లేదని తేలితే, ఒప్పందం రద్దు చేసుకుని డబ్బు వెనక్కి అడిగే హక్కు ఉంది. చిన్నాచితకా లోపానికి ఈ దారి ఆశించకండి. ఆ గడువు దాటాక మామూలు క్రమం ఇది: ముందు డీలర్ తన ఖర్చుతో, తగిన సమయంలో, మీకు పెద్ద ఇబ్బంది లేకుండా బాగుచేయాలి లేదా మార్చివ్వాలి. బాగుచేసినా లోపం పోకపోతే ధర తగ్గించమనొచ్చు, లోపం గట్టిదైతే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు.

మొదటి 12 నెలల్లో బయటపడ్డ లోపం కొన్ననాటికే ఉన్నట్టు చట్టం భావిస్తుంది. కాదని నిరూపించాల్సిన బరువు డీలర్‌ది. ఆ తర్వాత నిరూపించాల్సింది మీరు. కోర్టుకు వెళ్లే గడువు సాధారణంగా ఆరేళ్లు. లోపం కనపడిన రోజే ఈమెయిల్ రాయండి, ఫొటోలు తీయండి. డీలర్‌కు అవకాశం ఇవ్వకుండా వేరే మెకానిక్ దగ్గర బాగుచేయించి తర్వాత బిల్లు పంపితే కేసు బలహీనపడుతుంది.

మరో సంగతి. షోరూముకు వెళ్లి కొన్న కారును ‘మనసు మారింది’ అని తిరిగివ్వడం హక్కు కాదు. డీలర్‌ను కలవకుండా పూర్తిగా ఆన్‌లైన్‌లోనో ఫోన్ మీదో కొంటే మాత్రం సాధారణంగా 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు.

మనవాళ్ల దగ్గర కొంటే

వాట్సాప్ గ్రూపు బండి సంగతి. అమ్మేవాళ్లు వ్యాపారులు కానప్పుడు పైన చెప్పిన చట్టం వర్తించదు. కారు తనదే అయి ఉండాలి, దాని గురించి అబద్ధం చెప్పకూడదు, మిగతా భారం కొనేవారిదే. పైగా ఆయన ఇండియా వెళ్లిపోతున్నారు. చెప్పింది అబద్ధమని తేలినా డబ్లిన్ నుంచి విమానం ఎక్కిన మనిషి మీద ఇక్కడ కేసు వేసి రాబట్టుకోవడం కష్టం. ఆ రెండు వేల తగ్గింపు ఈ హక్కులన్నీ వదులుకున్నందుకే వస్తోందనుకోండి.

అయినా కొనదలిస్తే ముందు అప్పు చూడండి. కారు హైర్ పర్చేజ్ మీదో పీసీపీ (పర్సనల్ కాంట్రాక్ట్ ప్లాన్) మీదో ఉంటే చివరి కిస్తీ తీరేదాకా అసలు యజమాని ఫైనాన్స్ కంపెనీ. అప్పు తీరకుండా కొంటే కంపెనీ వచ్చి కారు పట్టుకెళ్లే ప్రమాదం ఉంది. కార్టెల్, మోటార్‌చెక్ లాంటి సంస్థలు రుసుము తీసుకుని అప్పు, ప్రమాదాల చరిత్ర, కిలోమీటర్ల తేడాలు చూపిస్తాయి. తీరిపోయిందంటే ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన లేఖ అడగండి. యాజమాన్య మార్పు లాగ్‌బుక్‌లో నింపి షానన్‌లోని రవాణా శాఖ కార్యాలయానికి పంపడం గానీ ఆన్‌లైన్‌లో చేయించడం గానీ మీ ఎదుటే జరగాలి.

తనను మామూలు మనిషిగా చూపించుకుంటూ నిజానికి కార్ల వ్యాపారం చేసేవాళ్లూ ఉంటారు. అలా నటించడం 2007 వినియోగదారుల రక్షణ చట్టం కింద నిషిద్ధం. ఒకే ఫోన్ నంబరుతో నాలుగైదు కార్ల ప్రకటనలు కనిపిస్తే అనుమానించండి.

మీటరు చెప్పేది

మీటరు వెనక్కి తిప్పడం 2014 రోడ్డు ట్రాఫిక్ చట్టం కింద నేరం. మీరు సరిచూసుకోవడానికి ఎన్‌సీటీ, అంటే జాతీయ కారు పరీక్ష, కాగితాలు పనికొస్తాయి. కారుకు నాలుగేళ్లు నిండాక ఈ పరీక్ష మొదలవుతుంది. పదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా. ప్రతి పరీక్షలో మీటరు రీడింగు నమోదవుతుంది. వాటిని సర్వీసు బుక్కుతో వరసగా పోల్చండి. ఎన్‌సీటీ పాసైందంటే ఆ రోజు పాసైందని మాత్రమే, బండి పూర్తి ఆరోగ్యానికి హామీ కాదు. అందుకని మీకు తెలిసిన మెకానిక్‌తో విడిగా చూపించండి. వద్దనే డీలర్ దగ్గర ఆగకండి.

బ్రిటన్ నుంచి దిగుమతైన బండి అయితే మీటరు మైళ్లలో ఉండొచ్చు. నంబరు పలక చూసి మోసపోకండి. విదేశంలో 2019 మొదటి సగంలో రిజిస్టరై తర్వాత ఇక్కడికొచ్చిన కారుకు కూడా కిల్డేర్‌లో ‘191 కేఈ’ పలకే వస్తుంది. దిగుమతా కాదా అన్నది లాగ్‌బుక్‌లో చూడాలి. పాత బ్రిటిష్ నంబరు తెలిస్తే అక్కడి ఎంవోటీ పరీక్షల చరిత్ర ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది.

అప్పు మీద కొంటే, ఇన్సూరెన్స్ తీసుకుంటే

హైర్ పర్చేజ్‌లో ఫైనాన్స్ కంపెనీ మీద కూడా మీకు హక్కులుంటాయి. 1995 వినియోగదారుల రుణ చట్టం ప్రకారం మొత్తం ధరలో సగం కట్టేసి, కారు అప్పగించి ఒప్పందం నుంచి బయటపడొచ్చు. మూడో వంతు కట్టాక కోర్టుకు వెళ్లకుండా కారు పట్టుకెళ్లే అధికారం కంపెనీకి లేదు. కంపెనీతో పేచీ తేలకపోతే ఆర్థిక సేవలు, పెన్షన్ల ఓంబుడ్స్‌మన్ ఉన్నారు.

అడ్వాన్స్ ఇచ్చేముందే ఇన్సూరెన్స్ ధర కనుక్కోండి. ఇండియాలో ఎన్నేళ్లు నడిపినా ఇక్కడ ఆ నో క్లెయిమ్ బోనస్‌ను చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు డీలర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు. డీలర్ ఐరిష్ మోటారు పరిశ్రమ సంఘం, అంటే సిమీ సభ్యుడైతే అక్కడ ఫిర్యాదు విభాగం ఉంది. పోటీ, వినియోగదారుల రక్షణ కమిషన్ అయిన సీసీపీసీ హక్కులు వివరిస్తుంది, మోసపు ప్రకటనలిచ్చే వ్యాపారుల మీద కేసులు పెడుతుంది. మీ ఒక్కరి తగాదా మాత్రం తీర్చదు. తగాదా రెండు వేల యూరోల లోపుదైతే స్మాల్ క్లెయిమ్స్ పద్ధతిలో 25 యూరోల రుసుముతో, లాయరు లేకుండా, ఆన్‌లైన్‌లో వేయొచ్చు. హైర్ పర్చేజ్ తగాదాలు ఇందులోకి రావు. అంతకు మించితే 15 వేల దాకా డిస్ట్రిక్ట్ కోర్టు, 75 వేల దాకా సర్క్యూట్ కోర్టు. అక్కడికి వెళ్లేముందు సొలిసిటర్‌ను కలవండి.

మీ ప్రశ్నకు సూటి జవాబు: మీ వాడకానికి ఆ డీజిల్ బండి వద్దు. వాట్సాప్ బండి కూడా అలాంటిదే కాబట్టి అదీ వద్దు. ఏడు సీట్ల పెట్రోలు లేదా హైబ్రిడ్ బండిని డీలర్ దగ్గరే చూడండి. బేరం కుదిరాక పైన చెప్పిన ఈమెయిల్ పంపి, జవాబు వచ్చాకే అడ్వాన్స్ కట్టండి. ఆ వాక్యాలకు రాతలో ఒప్పుకోని డీలర్ దగ్గర బండి ఎంత మెరిసినా, మరో చోట చూసుకోండి.