ఆరోగ్యశ్రీ కోడ్: లబ్ధిదారులు తెలుసుకోవాల్సిన విషయాలు

కోడ్ అంటే ఏమిటి?
ఆరోగ్యశ్రీలో ప్రతి చికిత్సకు ఒక కోడ్ ఉంటుంది. ఆసుపత్రి వాళ్లు మీ కేసును ఆ కోడ్ కిందే ఆన్‌లైన్‌లో నమోదు చేస్తారు. ట్రస్టు డాక్టర్లు రిపోర్టులు చూసి అనుమతి ఇస్తారు. ఆసుపత్రికి డబ్బు కూడా ఆ కోడ్‌కు ఉన్న ప్యాకేజీ ప్రకారమే వస్తుంది.

వైద్యం నాణ్యతకు, కోడ్‌కు సంబంధం ఏమిటి?
ఆపరేషన్‌కు ముందు ఏ పరీక్షలు చేయాలి, తర్వాత ఏ రిపోర్టులు పెట్టాలి అనేది కోడ్‌ను బట్టి ఉంటుంది. అవి లేకపోతే క్లెయిమ్ ఆగుతుంది. ఆపరేషన్ నిజంగా అవసరమా, సరిగ్గా జరిగిందా అని తేల్చేది ఈ రిపోర్టులే.

కోడ్‌ల జాబితా మారుతుందా?
మారుతుంది. తెలంగాణలో 2024లో 163 చికిత్సలు కొత్తగా చేర్చారు. దాంతో మొత్తం 1,672 నుంచి 1,835కి పెరిగింది. 1,375 చికిత్సల ప్యాకేజీ ధరలు కూడా పెంచారు. ఆ పెరిగిన డబ్బు ప్రభుత్వమే కడుతుంది, మీరు కట్టక్కర్లేదు.

మీరు ఏం చేయాలి?
• "ఈ జబ్బు ఆరోగ్యశ్రీలో లేదు" అని ఇదివరకు వెనక్కి పంపారా? ఇప్పుడు చేర్చారేమో ఆరోగ్యమిత్రను మళ్లీ అడగండి.
• ఏ చికిత్సకు అనుమతి వచ్చిందో పేరు చెప్పించుకోండి. డాక్టరు చెప్పినదీ అదీ ఒకటేనా చూసుకోండి.
• చదవకుండా, చదివించుకోకుండా సంతకం, వేలిముద్ర వేయొద్దు.
• అనుమతి వచ్చిన చికిత్సకు డబ్బు అడిగితే 104కు ఫోన్ చేయండి.
• డిశ్చార్జి కాగితాలు, రిపోర్టులు దాచుకోండి. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అవే ఆధారం.