పెల్టియర్ బిళ్ల: షెడ్డుకు వచ్చే పిల్లలకు చెప్పేవి

జహీరాబాద్‌లో ఫ్రిజ్‌లు, కూలర్లు, ఏసీలు బాగుచేస్తూ జుట్టు నెరిసినవాణ్ణి. ఈమధ్య ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలు ఒక తెల్లటి బిళ్ల పట్టుకుని షెడ్డుకు వస్తున్నారు. నాలుగు సెంటీమీటర్ల చదరం, ఎర్ర వైరు, నల్ల వైరు, 12 వోల్టులు. గ్యాస్ లేదు, కంప్రెసర్ లేదు. దీంతో ఏసీ చేద్దామని ఒకడు, పాలు చల్లబరుద్దామని ఇంకొకడు. వాళ్లకు నోటితో చెప్పేవే ఇక్కడ రాసిపెడుతున్నాను.

1. ఈ బిళ్ల చల్లదనాన్ని పుట్టించదు. ఒక ముఖం నుంచి వేడిని తీసి రెండో ముఖానికి చేరవేస్తుంది, అంతే. రెండు వేర్వేరు లోహాల అతుకు గుండా కరెంట్ పోతే అక్కడ వేడి తగ్గడమో పెరగడమో జరుగుతుందని 1834లో ఫ్రాన్స్‌లో పెల్టియర్ గమనించాడు. వృత్తికి గడియారాల పనివాడు. నాలుగేళ్ల తర్వాత లెంజ్ అనే శాస్త్రవేత్త బిస్మత్, ఆంటిమొనీ అతుకు మీద నీటిచుక్కను గడ్డకట్టించి, కరెంట్ దిశ మార్చి మళ్లీ కరిగించాడు. ఇప్పటి బిళ్లల్లో ఉండేది బిస్మత్ టెల్యూరైడ్. బజారులో దొరికే 12706 నంబరు బిళ్లలో దాని ముక్కల జతలు 127 ఉంటాయి. లోపలి నుంచి 20 వాట్ల వేడి తీయడానికి 40 వాట్ల కరెంట్ తాగిందనుకోండి, వెనక ముఖం మీద 60 వాట్లు వచ్చిపడతాయి. అందుకే ఎవరు బిళ్ల తెచ్చినా నేను మొదట అడిగేది దాని వెనక ఏం పెట్టావని. హీట్ సింక్, ఫ్యాన్ మీద చేయి బిగబట్టినవాడి పని ముందుకు సాగదు.

2. లెక్క మే నెలకు వేయండి. డిసెంబరులో పనిచేసిన పెట్టెను చూసి సంబరపడొద్దు. మా దగ్గర మే నెల మధ్యాహ్నం బయట 42 డిగ్రీలు. హీట్ సింక్ ఎంత మంచిదైనా దానికి ఇంకో పదిహేను కలపండి, 57. లోపల 5 డిగ్రీలు కావాలంటే రెండు ముఖాల మధ్య తేడా 52. ఈ బిళ్ల గరిష్ఠంగా నిలబెట్టగల తేడా డెబ్బైకి అటూఇటూ. ఆ హద్దు దగ్గర అది మోసే వేడి సున్నా. 52 దగ్గర దాని బలంలో పావువంతు మిగిలితే గొప్పే.

ఇక్కడే అసలు ప్రశ్న అడగాలి: 5 డిగ్రీలు నిజంగా కావాలా? ఒక లారీ డ్రైవర్ తన ఇన్సులిన్ కోసం చిన్న పెట్టె అడిగాడు. వాడకం మొదలుపెట్టిన ఇన్సులిన్‌ను నెల రోజుల వరకు 25, 30 డిగ్రీల లోపు ఉంచితే చాలని మందుల పెట్టెలోని కాగితం మీదే ఉంటుంది (ఆ కాగితం ఎవరూ చదవరు!). 25 చాలంటే తేడా 32కు దిగిపోతుంది. అదే బిళ్ల అప్పుడు సగం బలంతో హాయిగా పనిచేస్తుంది. తెరవని ఇన్సులిన్ సంగతి వేరు, దాని చోటు ఇంట్లో ఫ్రిజ్‌లోనే.

3. చల్లబడటం లేదని కరెంట్ పెంచకండి. కరెంట్ రెండింతలైతే మోసే వేడి రెండింతలు అవుతుంది, బిళ్ల లోపల సొంతంగా పుట్టే వేడి మాత్రం నాలుగింతలు. అందులో సగం చల్లటి వైపుకే వస్తుంది. గరిష్ఠంలో మూడోవంతు, సగం మధ్య నడిపించండి. చాలకపోతే రెండో బిళ్ల పక్కన పెట్టండి.

4. గదికి ఏసీ, పాల క్యాన్, కూరగాయల కొట్టు: వద్దు. అంత వేడి లాగాలంటే కంప్రెసర్‌కు సాటి లేదు, కరెంట్ బిల్లు చూస్తే మీకే అర్థమవుతుంది. పశువుల వీర్యం దాచే క్యాన్ల జోలికి అసలు పోవద్దు. వాటిలోని వీర్యం గొట్టాలు ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 దగ్గర ఉండాలి.

5. కానీ ఆ వీర్యం గొట్టాలను బయటికి తీశాక ఈ బిళ్లకు మంచి పని దొరుకుతుంది. మా బీదర్ సరిహద్దు పల్లెల్లో గోపాలమిత్రలు బండి మీద ఇంటింటికీ తిరిగి పశువులకు కృత్రిమ గర్భధారణ సూదులు వేస్తారు. గడ్డకట్టిన గొట్టాన్ని 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ముంచి, తీసి, గుడ్డతో తుడిచి, గన్నులో ఎక్కించాలి. చలికాలం తెల్లవారుజామున కోహిర్ వైపు పది డిగ్రీల లోపు పడుతుంది, ఫ్లాస్కు నీళ్లు ఇట్టే చల్లారిపోతాయి. మే నెలలో ఎండకు వేలాడిన డబ్బాలో నీళ్లు నలభై దాటుతాయి. ఎక్కువైనా నష్టమే, తక్కువైనా నష్టమే.

ఒకతను అడిగితే కట్టిచ్చాను. అల్యూమినియం గ్లాసు, దాని అడుగున బిళ్ల, చుట్టూ థర్మోకోల్, నీళ్లలో సెన్సరు. నీళ్లు చల్లారితే కరెంట్ ఒకవైపు, వేడెక్కితే రెండోవైపు. చల్లబరిచేటప్పుడు బయటికీ లోపలికీ తేడా అయిదారు డిగ్రీలే కాబట్టి కరెంట్ నామమాత్రం. వేడిచేసేటప్పుడు బిళ్ల సొంత వేడి కూడా కలిసొస్తుంది. ఉత్త హీటరైతే సగం ఏడాదే పనికొచ్చేది. ఒకే వస్తువు వేడికీ చలికీ పనికిరావడం, అదీ డిగ్రీ తేడా లేకుండా: దీని సొత్తు ఇదే. కరోనా రోజుల్లో ఊరూరా పేరు విన్న పీసీఆర్ యంత్రాల్లో ఉన్నదీ ఈ బిళ్లలే. నమూనాను 95 డిగ్రీలకు ఎక్కించి, అరవైకి దించి, మళ్లీ ఎక్కించి, అలా ముప్పై నలభై సార్లు.

దిశ మార్చేటప్పుడు మాత్రం ఆపి, కాసేపు ఆగి మార్చండి. టకటకా తిప్పితే లోపలి టంకం పగులుతుంది. రిలేతో ఆన్, ఆఫ్ కొట్టినా అదే గతి.

6. బిళ్లకూ హీట్ సింక్‌కూ మధ్య పేస్ట్ పల్చగా పూయండి. స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. వానాకాలంలో చల్లటి ముఖం మీద చెమ్మ దిగుతుంది, అంచుల చుట్టూ సిలికాన్ వేయండి. మా ఎర్రమట్టి దుమ్ము ఫ్యాన్‌ను ఎంత తొందరగా పట్టేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

7. కరెంట్ పోగానే ఈ బిళ్ల వేడికి రహదారి. వెనక హీట్ సింక్‌లో ఉన్న వేడంతా దాని గుండానే లోపలికి వస్తుంది. మందులు పెట్టే పెట్టెలో బ్యాటరీ అయిపోయాక ఏమవుతుందో ముందే చూసుకోవాలి. 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒక బిళ్లను పూర్తి వోల్టేజీ మీద గంటన్నర లాగితే ఎక్కువ.

8. చిన్న చోటు చూసుకున్నవాళ్లే నెగ్గారు. ఎంఐటీలో చదువుతూ బోస్టన్ చలి చూసిన క్రాంతి కిరణ్ విస్తాకుల హైదరాబాద్‌లో ధామా ఇన్నోవేషన్స్ పెట్టి, వేడికీ చలికీ పనికొచ్చే జాకెట్ మీద పనిచేశారు. గదిని వదిలి ఒంటిని పట్టుకోవడం అందులోని తెలివి. మణిపాల్‌లో బ్లాక్‌ఫ్రాగ్ టెక్నాలజీస్ వాళ్లు టీకాలకు ఎమ్వోలియో అనే పెట్టె చేశారు. 2 నుంచి 8 డిగ్రీలు నిలబెడుతుంది, పట్టేది రెండు లీటర్లే. రెండు లీటర్లే కాబట్టి సాధ్యమైంది. పెద్ద ఫ్రిజ్ నుంచి చివరి పల్లెకు చేరే టీకాలకు అది చాలు.

మీరు ఏ పెట్టె కట్టినా మనిషికో పశువుకో వాడకముందు మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు బండికి తగిలించి కోహిర్ దాకా తిప్పండి. లోపల ఒక థర్మామీటర్, బయట ఒకటి, గంటగంటకూ అంకెలు కాగితం మీద రాయండి. థర్మామీటర్లు లేకపోతే మా షెడ్డులో ఉన్నాయి, వచ్చి తీసుకెళ్లండి. అంకెలు రాసిన కాగితం మాత్రం తెచ్చి చూపించాలి.