సిల్వరు చక్రానికి మెరుగు

ఇంట్లో అన్నం వండే గిన్నెను చాలామంది సిల్వరు గిన్నె అంటారు. కొన్ని ఊళ్లలో సత్తు గిన్నె అంటారు. పేరులో సిల్వరు ఉన్నా అది వెండి కాదు, అల్యూమినియం. ఇప్పుడు చాలా కార్లకు, మోటారు సైకిళ్లకు కూడా అల్యూమినియం చక్రాలే వస్తున్నాయి. వాటినే అలాయ్ వీల్స్ అంటారు.

అల్యూమినియం ఇనుము కంటే బాగా తేలిక. ఒక లీటరు డబ్బాలో పట్టేంత ఇనుప ముద్ద దాదాపు 8 కిలోలు తూగుతుంది. అంతే అల్యూమినియం ముద్ద 3 కిలోల లోపే ఉంటుంది. అయితే ఒక్క అల్యూమినియమే అయితే మెత్తగా ఉంటుంది. గిన్నెకు సొట్ట పడటం అందరూ చూసిందే. అందుకని చక్రం కోసం దానిలో వేరే వాటిని కలుపుతారు. మామూలుగా నూటికి 7 పాళ్లు సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం కలిపి కరిగించి అచ్చులో పోస్తారు. తరవాత లెక్క ప్రకారం కాచి, చల్లార్చి గట్టిపరుస్తారు. ఈ కాచే సంగతి గుర్తుంచుకోవాలి. ముందు ముందు దీనితో పని ఉంది.

ఇనుము తుప్పు పడితే పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంది. అల్యూమినియానికి కూడా గాలి తగిలితే పైన ఒక పొర కడుతుంది. కాని ఆ పొర రాలదు. అంటుకునే ఉండి లోపలి లోహాన్ని కాపాడుతుంది. మనం తోమి తీసేస్తే, తీసిన క్షణంలోనే మళ్లీ సన్నటి పొర కడుతుంది. కంటికి కనపడదు. నీళ్లు, దుమ్ము, ఉప్పుగాలి, బ్రేకుల నుంచి రాలే పొడి చేరేకొద్దీ పైభాగం మసకబారుతుంది. ఇంట్లో కూర్చుని ఆ మసక తియ్యొచ్చు. యంత్రాలు అక్కర్లేదు. ఓపిక కావాలి.

ఏ చక్రం తోమాలి?

అన్ని చక్రాలూ తోమడానికి పనికిరావు. ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది ఇనప చక్రం. దానికి రంగు వెయ్యాలి గాని ఈ పని చెయ్యకూడదు.

అంటుకోకపోతే ఇంకో పరీక్ష ఉంది. తెల్లటి గుడ్డకు కొంచెం లోహం పాలిష్ రాసి ఒక మూల రుద్దండి. గుడ్డ నల్లబడితే లోహం బయటే ఉన్నట్టు. గుడ్డ తెల్లగానే ఉంటే పైన లక్క పూతో, రంగో, క్రోము పూతో ఉన్నట్టు. క్రోము పూత అద్దంలా నీలి ఛాయతో మెరుస్తుంది. దాని జోలికి వెళ్లొద్దు. గీకితే పూత లేచిపోతుంది, మళ్లీ ఇంట్లో వెయ్యలేం. లక్క పూత బాగానే ఉంటే దాన్నీ అలాగే ఉంచడం మేలు. పెచ్చులు లేచి, లోపల తెల్లటి పాకుడు దారాల్లాగా పాకుతుంటేనే దాన్ని తీసెయ్యాలి. పూత తీసే మందు వాడితే ఆరుబయట వాడాలి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి, టైరుకు తగలనియ్యకూడదు. మంట పెట్టి పూత కాల్చడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు. లెక్కగా కాచి గట్టిపరిచిన లోహం లెక్క లేకుండా కాలిస్తే మెత్తబడుతుంది.

ముందు చక్రం తిరగెయ్యండి

విజయవాడలో ఒక టాక్సీ డ్రైవరు ఉన్నాడు. పెళ్లిళ్ల రోజులు వచ్చాయి. పెళ్లికూతురిని తీసుకెళ్లే కారు మెరవాలి కదా! చక్రాలు విప్పి, ఇంటి పక్కనే ఉండే ముసలి మేస్త్రి దగ్గర పెట్టాడు. ఆ మేస్త్రి ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు పని చేసినవాడు.

"బాబాయ్, ఎల్లుండి పెళ్లి కిరాయి ఉంది. నువ్వూ ఒక చెయ్యి వెయ్యి. తళతళలాడాలి" అన్నాడు డ్రైవరు.

"మెరుపు సంగతి తరవాత. చక్రం తిరగేసి పెట్టరా" అన్నాడు మేస్త్రి.

"లోపలి వైపు ఎవరు చూస్తారు బాబాయ్?"

"రోడ్డు మీద గుంత చూస్తుంది. చక్రం గుంతలో పడితే దెబ్బ ముందు లోపలి అంచుకే తగులుద్ది."

మేస్త్రి చక్రాన్ని సబ్బు నీళ్లతో కడిగించాడు. బాగా ఆరనిచ్చాడు. గుడ్డతో కిరసనాయిలు పట్టించి, అరగంట వదిలేశాడు. దగ్గరలో బీడీ కూడా వెలిగించనివ్వలేదు. తరవాత పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, బడిలో వాడే సుద్దముక్కను పొడి చేసి పైన చల్లాడు. కాసేపటికి తెల్లటి పొడి మీద ఒకచోట వెంట్రుక లాంటి తడి గీత కనపడింది. అంగుళం పొడవు ఉంది. అది చీలిక. చీలికలోకి దిగిన కిరసనాయిలును సుద్ద పైకి పీల్చింది. ఈ పరీక్ష వర్క్‌షాపుల్లో పాతకాలం నుంచీ చేస్తున్నదే.

డ్రైవరు ముఖం వాడిపోయింది. "వెల్డింగు పెట్టిస్తే సరిపోదా?" అన్నాడు.

"పైకి అతుక్కుంటుంది. ఆ వేడికి చుట్టుపక్కల గట్టిదనం పోద్ది. నలుగురిని ఎక్కించుకుని హైవే మీద పోయే బండికి అది పనికిరాదురా."

"పోనీ, ఉప్పుకాగితం పట్టించి మెరిపించి ఎవరికన్నా అమ్మేస్తే?"

మేస్త్రి వెంటనే జవాబు చెప్పలేదు. కొంచెం ఆగి, "రుద్దితే గీత కనపడదు, నిజమే. మెత్తటి లోహం కదా, చీలిక మీదికి పాకి మూసేస్తుంది. కొన్నవాడు కూడా పిల్లల్ని ఎక్కించుకునేవాడేరా" అన్నాడు.

ఆ చక్రం కొత్తది కొనాలంటే డ్రైవరుకు వారం సంపాదన పోతుంది. అయినా ఇద్దరూ కలిసి హాక్సా బ్లేడుతో దాని అంచు కోసేశారు. ఇక దాన్ని ఎవరూ బండికి వెయ్యలేరు. పాత సామాన్ల కొట్టులో తూకానికి ఇచ్చేశారు. అల్యూమినియం 660 డిగ్రీల వేడికి కరుగుతుంది. కరిగించి మళ్లీ వాడుకుంటారు కాబట్టి పాతదానికి కూడా మంచి ధరే వస్తుంది. పెళ్లి కిరాయికి ఆ డ్రైవరు స్టెప్నీ చక్రంతోనే వెళ్లాడు. మిగతా మూడూ మెరిశాయి.

అందుకే ఈ పరీక్ష తోమడానికి ముందే చెయ్యాలి. తోమాక చేస్తే చీలిక దొరక్కపోవచ్చు. పరీక్షలో ఏమీ కనపడకపోయినా, చక్రం వంకరగా ఉన్నా, గాలి తరచూ తగ్గుతున్నా తెలిసినవారికి చూపించాలి.

ఉప్పుకాగితం పని

దుకాణంలో నీళ్లలో తడిపి వాడే ఉప్పుకాగితం అడగండి. పెయింటర్లు దాన్ని వాటర్ పేపరు అంటారు. వెనక అంకె ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ రవ్వ సన్నం. 400 గరుకు. 2000 చేతికి దాదాపు నున్నగా తగులుతుంది. 400, 600, 800, 1000, 1500, 2000 రకాలు తెచ్చుకుంటే చాలు. గీతలు లోతుగా లేకపోతే 400 అక్కర్లేదు. 800తోనే మొదలు పెట్టొచ్చు.

కాగితాన్ని అరచెయ్యంత ముక్కలు చేసి, నాలుగు చుక్కల సబ్బు కలిపిన నీళ్లలో పది నిమిషాలు నాననివ్వాలి. చదునుగా ఉన్నచోట పాత హవాయి చెప్పు ముక్కకు చుట్టి రుద్దాలి. వంపుల్లో వేళ్లతోనే రుద్దాలి. ఇరుకు సందుల్లో పుల్లకు చుట్టుకోవాలి. నీళ్లు తగులుతూనే ఉండాలి. నల్లటి మడ్డి కారుతుంది. భయపడొద్దు, అది అరిగిన లోహమే.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. మొదటి కాగితంతో నిలువుగా రుద్దితే, రెండో దానితో అడ్డంగా రుద్దండి. నిలువు గీతలన్నీ పోయి అడ్డగీతలే కనపడితే ఆ కాగితం పని అయిపోయినట్టు. మూడో దానితో మళ్లీ నిలువుగా రుద్దాలి. తొందరపడి మధ్యలో ఒక అంకె దాటేస్తే, చివర పాలిష్ పెట్టాక పాత గీతలన్నీ ఎండలో బయటపడతాయి. అప్పుడు మళ్లీ మొదటికి రావాలి. కాగితం మార్చినప్పుడల్లా చక్రాన్ని, చేతులను, బకెట్టును కడగాలి. గరుకు రవ్వ ఒక్కటి మిగిలినా సన్నటి పని అంతా పాడవుతుంది.

ఫుట్‌పాత్ రాసుకుని పడిన లోతైన గంట్లు ఉంటాయి. అవి మొత్తం పోయేదాకా అరగదీస్తే చక్రమే పల్చబడుతుంది. అంచులు నున్నగా చేసి వదిలెయ్యడమే మంచిది. మూడు చోట్ల మాత్రం కాగితం అసలు తగలకూడదు. టైరు అంచు కూర్చునే చోటు, నట్లు కూర్చునే గుంటలు, చక్రం బండికి ఆనుకునే వెనక భాగం. మొదటి చోట అరిగితే గాలి దిగుతుంది. మిగతా రెండు చోట్ల అరిగితే చక్రం సరిగా బిగుసుకోదు.

ఒక చక్రానికి ఒక పూట పడుతుంది. మొదటిసారి చేసేవారికి రోజంతా పట్టినా పట్టొచ్చు.

పొడితో ప్రమాదం

దీపావళికి చిచ్చుబుడ్డి తెల్లగా విరజిమ్ముతుంది కదా! దానిలో వేసేది అల్యూమినియం పొడే. గిన్నె మండదు గాని, మెత్తటి పొడి గాలిలో లేస్తే అంటుకుంటుంది. పొడి కాగితంతో, కరెంటు గ్రైండరుతో రుద్దేవారికి ఈ ముప్పు ఉంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు కూడా చేటు. నీళ్లతో తడిపి రుద్దమనేది ఇందుకే.

ఇనుము రుద్దిన గ్రైండరుతోనే అల్యూమినియం రుద్దకూడదు. తుప్పు పొడి, అల్యూమినియం పొడి కలిసి నిప్పురవ్వ తగిలితే ఇనుము కరిగేంత వేడి పుడుతుంది. రైలు పట్టాల చివరలు అతికేటప్పుడు కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు వస్తుంది. అది ఈ రెండు పొడుల మంటే. ఇంటి వరండాలో అలాంటిది జరగకూడదు.

అల్యూమినియం పొడి అంటుకుంటే నీళ్లు పొయ్యొద్దు. మంట ఇంకా పెరుగుతుంది. ఎండు ఇసుక మెల్లగా కప్పి, దూరంగా జరగాలి. తడి మడ్డిని కూడా గట్టి మూత డబ్బాలో దాచొద్దు. అందులోంచి మండే గాలి పుడుతుంది.

పాలిష్

రుద్దడం అయ్యాక కడిగి ఆరబెట్టాలి. పాత బనియను ముక్క మీద బఠాణీ గింజంత పాలిష్ తీసుకోవాలి. చెయ్యంత మేర రుద్దాలి. గుడ్డ నల్లబడేదాకా రుద్ది, శుభ్రమైన గుడ్డతో తుడవాలి. మళ్లీ రాయాలి. రెండు మూడు సార్లకు ముఖం కనపడుతుంది. డ్రిల్లుకు గుడ్డ చక్రం బిగించి చేస్తే తొందరగా అవుతుంది. కాని పమిట, చున్నీ, వదులు చేతుల చొక్కా చుట్టుకుపోతాయి. గాజులు తీసెయ్యాలి. కళ్లజోడు పెట్టుకోవాలి. ఒకేచోట ఆపితే లోహం వేడెక్కి మచ్చ పడుతుంది.

విప్పడం, బిగించడం

చక్రం విప్పేటప్పుడు కారు చదును నేల మీద ఉండాలి. హ్యాండు బ్రేకు వెయ్యాలి. మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేసి, అప్పుడు జాకీ ఎత్తాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మకుండా స్టాండు కూడా పెట్టాలి. కారు కిందికి దూరకూడదు. బ్రేకు డిస్కు మీద పాలిష్ చుక్క కూడా పడకూడదు. పడితే బ్రేకు జారుతుంది.

తిరిగి బిగించేటప్పుడు నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. ఒకటి బిగించాక దాని ఎదుటిది. ఎంత గట్టిగా బిగించాలో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగుతు చూడాలి.

మెరుపు నిలవాలంటే

గిన్నెలో చింతపండు పులుసు కాస్తే లోపల తెల్లబడుతుంది. సోడా వేస్తే నల్లబడుతుంది. ఇది వంట చేసేవారందరికీ తెలుసు. చక్రానికీ అంతే. వాషింగ్ సోడా, కాస్టిక్ సోడా తగలనియ్యకూడదు. పులుపు మంచిదే కదా అని బాత్రూము కడిగే యాసిడ్ మాత్రం పొయ్యొద్దు. అది లోహాన్ని తినేసి మచ్చలు చేస్తుంది. మామూలు సబ్బు నీళ్లు చాలు. అదీ చక్రం చల్లారాక.

కడిగి ఆరాక సన్నగా మైనం పూత పెడితే మెరుపు ఎక్కువ రోజులు ఉంటుంది. విశాఖపట్నం, బందరు వంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి తొందరగా మసకబారుతుంది. అక్కడ నెలకోసారి పాలిష్ గుడ్డ పట్టించాలి. ఉప్పుకాగితం మళ్లీ అక్కర్లేదు.