మెట్ట మాగాణియైనపుడు నేలకేమగును?

చిప్పగిరి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములందు ఏటి వర్షపాతము 600 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. ఈ కొద్ది తేమను నమ్మి మన పెద్దలు నల్లరేగడిలో ముంగారి వానలను ఇంకించుకొని హింగారిలో జొన్న విత్తిరి. ఎర్రనేలలో కొఱ్ఱతో కందిని కలిపి వేసిరి. గుట్టల వారనున్న పలుచని నేలను పశువుల మేతకు విడిచిరి. కోసిన చేలలో గొర్రెల మందను తోలించుటయు వాడుకయే.

అట్టి బీడును దున్నినచో తొలి రెండు మూడేండ్లు పంట బాగుగనే వచ్చును. అది గడ్డివేళ్ళు కూడబెట్టిన సేంద్రియ పదార్థము పెట్టిన పంట. దున్నిన మట్టికి గాలి సోకగా సూక్ష్మజీవులు దానిని త్వరగా కరగించివేయును. ఆపై వేరుసెనగ మీద వేరుసెనగయే వేసినచో, చెట్టును వేళ్ళతో పెరుకుదుము గనుక నేలకు మిగులునది స్వల్పము. పత్తికట్టెను కాల్చివేయుటయు ఇట్టిదే. సేంద్రియ కర్బనము నూటికి 0.5 కంటె తక్కువైన నేలను పరీక్షా కేంద్రములు పేదనేలగా లెక్కించును.

నీరు వచ్చినపుడు చిక్కు వేఱు. నల్లరేగడి లోపొరలలో లవణములు సహజముగానే యుండును. మెట్టపైరు వేసినంతకాలము అవి అడుగుననే పడియుండును. వరి నాటి నీరు నిలిపినచో భూగర్భజలము పైకి లేచును; అది ఉపరితలమునకు ఒకటిన్నర మీటరు చేరువకు వచ్చిన పిదప, దీపపువత్తి నూనెను పీల్చినట్లు మట్టి ఆ ఉప్పునీటిని పైకి పీల్చును. ఎండకు నీరు ఆవిరియై పోవును, ఉప్పు నిలిచిపోవును. 1953లో పూర్తియైన తుంగభద్ర ఆనకట్ట క్రింద, కర్ణాటకలోని గంగావతి, సింధనూరు ప్రాంతములందు ఆరుతడి పైరులకు నిర్ణయించిన భూములలోను వరి వేయుట వలన, మురుగుదారి చాలకపోవుట వలన, విశాలమైన భూములు చౌడుబారినవి. కాలువనీటికై ఎదురుచూచు మన రైతులు ఒకసారి వెళ్ళి చూచిరావలసిన చోటులవి!

లవణములలో సోడియము మితిమీరినచో బంకమట్టి విడిపోయి రంధ్రములు పూడుకొనును. అదియే కారుచౌడు. దీనికి జిప్సము మందు. అందలి కాల్షియము సోడియమును తొలగించును. అయితే తొలగిన సోడియము పోవుటకు మురుగుకాలువ లేనిచో జిప్సముపై పెట్టిన డబ్బు వ్యర్థమే. కనుక పంటకాలువ త్రవ్వకముందే మురుగుకాలువ సంగతి చూచుకొనవలెను. పిమ్మట జీలుగనో జనుమునో పెంచి పూతకు ముందే కలియదున్నవలెను.

అనుమానము కలిగినచో ఎండిన చిన్న మట్టిబెడ్డను గాజు గ్లాసులోని వాననీటిలో కదపక వదలుడు. గడియసేపటికి బెడ్డ చుట్టు నీరు పాలవలె మసకబారినచో ఆ నేలలో సోడియము చేరినదని సందేహింపవచ్చును. అంతట చేనిలో ఎనిమిది పది చోటుల, ఆరంగుళముల లోతున, గట్లకును పెంటదిబ్బలకును దూరముగా మట్టి తీసి, కలిపి, అరకిలో పరీక్షకు పంపవలెను.