గంజపా ముక్కలు

గంజాం జిల్లాలోనూ, 1992లో దాని నుండి విడిపడిన గజపతి జిల్లాలోనూ కొన్ని పాత ఇళ్ళలో గుండ్రని పేకముక్కలు ఉంటాయి. వాటిని గంజపా అంటారు. అవి కాగితపు అట్టతో చేసినవి కావు, నూలుగుడ్డతో చేసినవి. ఈ ఆట పారసీక దేశం నుండి మన దేశానికి వచ్చింది. బాబరు చక్రవర్తి 1527లో సింధులోని షా హసన్‌కు గంజీఫా ముక్కలు పంపినట్లు తన జ్ఞాపకాలలో రాసుకొన్నాడు. ఆ గంజీఫాయే ఒడిశాలో గంజపా అయింది. తెలంగాణలోని నిర్మల్ చిత్రకారులు కూడా ఇటువంటి ముక్కలు చేసేవారు.

దశావతారాల కట్టలో పది రంగులు ఉంటాయి. మత్స్యావతారానికి చేప, కూర్మానికి తాబేలు, పరశురామునికి గొడ్డలి, ఇలా ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క గుర్తు. ప్రతి రంగులోనూ ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి నుండి పది వరకు అంకెలు. మొత్తం 120 ముక్కలు. పందెం కాయనంతవరకు ఇది మంచి జ్ఞాపకశక్తి ఆట.

బరంపురంలోని లంజిపల్లిలో ఒక ఇంట అటువంటి కట్ట ఒకటి ఉంది. తాతయ్య చిన్నతనంలో పర్లాకిమిడిలో కొన్నది. వేసవి సెలవులలో మనుమడు, మనుమరాలు చెక్కపెట్టె తెరిచి ముక్కలు లెక్కపెట్టారు. 117 ఉన్నాయి. చేపరాజు, తాబేటి మంత్రి, గొడ్డలి ఏడు లేవు. పెట్టె మూలన చెదపుట్ట మట్టి కనిపించింది.

"మూడే కదా తాతయ్యా, ఆడుకోవచ్చా?" అని అడిగింది మనుమరాలు.

"రాజు లేని రంగుతో ఏమి ఆడతావమ్మా? లెక్కే కుదరదు. కొందామంటే కట్టకు కట్టే కొనాలి. విడిగా మూడు ముక్కలు ఎవరిస్తారు?"

నాన్నమ్మ వంటింట్లోనుండి అంది: "డబ్బాలో చింతపిక్కలున్నాయి. నా పాత నేతచీర ఉంది. ఇంకేం కావాలర్రా?"

పిల్లలు రెండు గుప్పెళ్ళ చింతపిక్కలు మూకుడులో వేయించి, దంచి, పొట్టు తీశారు. పప్పును రెండు రాత్రులు నానబెట్టి మెత్తగా రుబ్బారు. నాన్నమ్మ దానిలో నీరు పోసి, సన్నని సెగమీద అడుగంటకుండా కలుపుతూ ఉడికించి, గుడ్డలో వడకట్టింది. చక్కని జిగురు తయారయింది. దక్కనులో గొంగళ్ళు నేసేవారు ఉన్ని దారానికి పట్టించే గంజి కూడా చింతపిక్కలదే. పుస్తకాలు కుట్టేవారు తమ జిగురుకు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం కనుక పిల్లలు ముట్టరాదు. అందుకే నాన్నమ్మ ఏ రోజు జిగురు ఆ రోజే కాచింది.

పీటమీద అరటాకు పరిచి, దానిపై గుడ్డ, జిగురు, గుడ్డ, జిగురు, మళ్ళీ గుడ్డ, ఇలా మూడు పొరలు అతికించారు. ఇందుకు నూలుగుడ్డే కావాలి. నైలాను గుడ్డ జిగురును పీల్చుకోదు. త్వరగా ఆరాలని మనుమడు దానిని డాబామీద మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టాడు. సాయంత్రానికి అది అప్పడంలా ముడుచుకుపోయింది. పైపొర ముందు ఆరి బిగుసుకొంది, అడుగు పొర ఇంకా తడిగానే ఉంది. రెండోసారి నీడలో పెట్టి, పూటపూటకు తిరగవేసి, సగం ఆరాక సన్నికల్లు కింద ఉంచారు. మూడు రోజులకు చదునైన గట్టి అట్ట వచ్చింది.

సుద్దపొడిని పలుచని జిగురుతో కలిపి అట్టకు రెండు వైపులా పూశారు. ఆరాక నున్నటి గులకరాయితో రుద్దారు. ఈ రుద్దడం విసుగు పుట్టించే పనే, కాని ఇది సరిగా చేయకపోతే రంగు పాకుతుంది. పాత ముక్కను పైన పెట్టి గీత గీసి, కత్తెరతో గుండ్రంగా కత్తిరించారు. వెనుక వైపు జేగురు, ముందువైపు బొమ్మలకు దీపపు మసి, డబ్బా రంగులు వాడారు. చిత్రకారులు మెరుపు కోసం లక్క పూస్తారు. పిల్లలు కొవ్వొత్తి రుద్దారు.

సాయంత్రం ఆట మొదలయింది. రెండో చుట్టులోనే మనుమడు, "చేపరాజు చెల్లి దగ్గరే ఉంది!" అని అరిచాడు. వాడు ముక్క ముఖం చూడలేదు. పాత ముక్కలు ఏళ్ళ తరబడి చేతుల్లో అరిగి పలుచబడ్డాయి. కొత్తవి అంచు దగ్గర మందంగా ఉన్నాయి.

"వెనుకనుండే తెలిసిపోతే ఇంక ఆటేముందిరా?" అన్నాడు తాతయ్య.

మనుమరాలు కాసేపు మాట్లాడలేదు. తరువాత పలక తెచ్చుకొంది. 120 ముక్కలకు మూడేసి పొరలంటే 360 గుడ్డముక్కలు. మూడంగుళాల చదరాలైతే ఆరు గజాల చీర పొడవులో 72 వస్తాయి. నలభైనాలుగు అంగుళాల వెడల్పులో 14 వస్తాయి. హెచ్చవేస్తే 1008.

"నాన్నమ్మా, ఒక్క చీరలో సగం కూడా పట్టదు!" అంది.

మర్నాటినుండి పెరట్లో నీడపట్టున అట్టలు వరుసగా ఆరాయి. మనుమడు రుద్దేవాడు, చెల్లెలు బొమ్మలు వేసేది. పాత కట్టను వేపాకులు వేసి మళ్ళీ పెట్టెలో దాచారు. బడి తెరిచే నాటికి చేప, తాబేలు, వరాహం, నరసింహం, నాలుగు రంగులు పూర్తయ్యాయి. ఇంకా ఆరు రంగులు మిగిలాయి.

నాలుగు రంగులతో ఆడవచ్చా అని పిల్లలు అడిగారు. తాతయ్య ఔననలేదు, కాదనలేదు. నలభై ఎనిమిది ముక్కలనూ దుప్పటిమీద బోర్లా పరిచి, రెండు చేతులతో కలపసాగాడు.