నలుగురు, ఒకే గేమ్: నెట్ పోయినా ప్రాజెక్ట్ ఆగకుండా ఇలా సెట్ చేసుకోండి

కాలేజీ ప్రాజెక్ట్‌కి నలుగురు కలిసి గేమ్ చేద్దామనుకోగానే ముందు చేసే పని, ఆన్‌లైన్‌లో ఒక షేర్డ్ ఫోల్డర్ పెట్టడం. నన్నడిగితే అక్కడే తేడా కొడుతుంది. డాక్యుమెంట్లకైతే ఓకే. గేమ్‌లో మాత్రం ఫైళ్లన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకరు బొమ్మ ఫైల్ పేరు మార్చారనుకోండి, రెండోవాళ్ల సీన్‌లో ఆ బొమ్మ మాయం! ఇద్దరూ ఒకే ఫైల్ సేవ్ చేస్తే ఎవరి పని మిగిలిందో వెతుక్కోవాలి.

నా ఓటు గిట్‌కే. లినక్స్ కెర్నల్ పని కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రాసిన టూల్ ఇది. మా కొత్తపేట లాంటి ఊళ్లకు పనికొచ్చే సంగతి ఇందులో ఒకటుంది. ప్రాజెక్ట్ మొత్తం, పాత మార్పులతో సహా, ప్రతి ఒక్కరి ల్యాప్‌టాప్‌లోనూ ఉంటుంది. కమిట్ చేయడానికి నెట్ అక్కర్లేదు. 2022 మే 24న జిల్లా పేరు మార్పు విషయంలో అమలాపురంలో గొడవలు జరిగాక, కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు గుర్తుందా? అలాంటి వారంలో సబ్మిషన్ పడితే షేర్డ్ ఫోల్డర్‌ని నమ్ముకున్న టీమ్ గోవిందా.

గిట్ ఉంటే పెన్‌డ్రైవ్ చాలు. ‘గిట్ బండిల్’ అనే కమాండ్ మీ కమిట్లన్నీ ఒకే ఫైల్‌గా మూట కట్టేస్తుంది. ఆ ఫైల్ రావులపాలెంలో ఉన్న ఫ్రెండ్‌కి ఇస్తే, సర్వర్ నుంచి లాగినట్టే దాన్నుంచి పుల్ చేసుకోవచ్చు. ఈ కమాండ్ గురించి ఎవరూ పెద్దగా చెప్పరు ఎందుకో!

ఇక పని పంచుకోవడం. గోదావరి మీద పంటు నడిపే గేమ్ అనుకుందాం. ఇంజిన్ గొడో. ఉచితం, పైగా దాని సీన్ ఫైళ్లు మామూలు టెక్స్ట్, అంటే ఎవరు ఏ లైన్ మార్చారో గిట్ చూపిస్తుంది. అయినా ఇద్దరు ఒకే సీన్‌లో చెయ్యి పెట్టొద్దు, కలపడం తలనొప్పి. పంటు ఒక సీన్, రేవు ఒక సీన్, స్కోర్ స్క్రీన్ ఇంకో సీన్. మెయిన్ సీన్‌లో వీటిని తెచ్చి పెట్టడమే, ఆ పని ఒక్కరికే అప్పగించండి. ‘డాట్ గొడో’ ఫోల్డర్‌ని గిట్‌కి ఎక్కించకండి, ఇంజిన్ మళ్లీ తనే తయారు చేసుకుంటుంది.

బొమ్మలు, పాటల ఫైళ్ల సంగతి వేరు. వాటిని గిట్ కలపలేదు. పైగా గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైల్‌ని తీసుకోదు. వీటికోసం గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ వాడండి, అందులో ఫైల్ లాక్ చేసే సౌకర్యం కూడా ఉంది. కానీ ఎల్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లు బండిల్‌లో రావు, పెన్‌డ్రైవ్‌లో విడిగా కాపీ చేయాలి. లాక్‌కి సర్వర్ కూడా కావాలి. నెట్ లేని రోజు ఫోన్ చేసి, “పంటు బొమ్మ ఈ పూట నా దగ్గరుంది, ముట్టుకోకురా” అని చెప్పుకోవడమే.